మేత బస్తాలూ, ఆడబుద్ధీ

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలం. మా ఆయన కౌలుకు తీసుకుని రొయ్యల గుంటలు వేస్తున్నారు. గుంటల మీద కాపలాకి ఒక కుటుంబం కొన్నేళ్ళుగా ఉంటోంది. ముప్పై వేలు అడ్వాన్సు తీసుకుని వచ్చారు. ఈ పంటలో మేత పుస్తకంలో రాసినదానికీ రొయ్య ఎదుగుదలకీ పొంతన కుదరక, మా ఆయన ఖాళీ సంచులు లెక్కపెట్టారు. పద్నాలుగు తక్కువొచ్చాయి. గట్టిగా అడిగితే కాపలా అతను ఒప్పుకున్నాడు. పక్క గుంటాయనకు సగం రేటుకి అమ్మాడట. పోలీసు కంప్లైంట్ ఇచ్చి, షెడ్డు ఖాళీ చేయిస్తానని మా ఆయన పట్టుబట్టారు. మర్నాడు అతని భార్య చెవి కమ్మలు తీసి కాగితంలో చుట్టి తెచ్చి మా గడప మీద పెట్టింది. వాళ్ళ పెద్దపిల్ల మా ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి. కేసు పెడితే ఆ పిల్ల చదువు ఏంగాను? కేసొద్దు, అడ్వాన్సూ మేత డబ్బూ తీరేదాకా జీతం లేకుండా పని చేయించుకుందాం అన్నాను. "మీ ఆడోళ్ళకి జాలి తప్ప న్యాయం తెలీదు" అని ఆయన ఫోన్లో ఒక వీడియో చూపించారు. ఆడవాళ్ళ నీతి మూడో మెట్టు దగ్గరే ఆగిపోతుందని అమెరికా సైంటిస్టు తేల్చాడట. మా అత్త కూడా స్త్రీబుద్ధి ప్రళయాంతకం అంది. పోయిన ఏడాది మా మరిది చీటీ పాడుకుని వాయిదాలు ఎగ్గొడితే రెండు లక్షలు మా ఆయనే కట్టారు. నోటైనా రాయించుకోండి అన్నాను. "మనవాడేగా, పోనీలే" అన్నారు. అది గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది. నిజంగానే ఆడవాళ్ళ మనస్సాక్షి వేరుగా ఉంటుందా? నేను చెప్పింది తప్పా?
– పేరు వద్దు, నెల్లూరు జిల్లా

సమాధానం: ముందు ఆ వీడియో సంగతి తేల్చేద్దాం, తర్వాత గుంట దగ్గరికి పోదాం.

వీడియోలో చెప్పిన సైంటిస్టు లారెన్స్ కోల్‌బర్గ్ అయి ఉంటాడు. 1958లో చికాగో విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ కోసం పిల్లల ముందు చిక్కుకథలు పెట్టి, వాళ్ళిచ్చిన జవాబుల్ని బట్టి మనిషి నీతి ఎదిగే తీరుకు మెట్లు కట్టాడు. మొత్తం ఆరు. దెబ్బలకు భయపడి తప్పు చేయకపోవడం మొదటిది. అయినవాళ్ళు నొచ్చుకోకూడదు, నలుగురిలో మంచి అనిపించుకోవాలి అనుకోవడం మూడోది. చట్టం, కట్టుబాటు అనేది నాలుగో మెట్టులో వస్తుంది. 1969లో ఒక సహచరుడితో కలిసి రాసిన వ్యాసంలో, ఇల్లూ పిల్లలూ చూసుకునే ఆడవాళ్ళు మూడో మెట్టు దగ్గర ఉంటారనీ, వాళ్ళ బతుక్కి అది చాలుననీ అన్నాడు. ఇంతవరకూ మీ ఆయన చూపించిన వీడియో అబద్ధం చెప్పలేదు. అయితే ఆ మెట్లు కట్టడానికి కోల్‌బర్గ్ కూర్చోబెట్టి మాట్లాడించిన పిల్లలందరూ మగపిల్లలే. ఒక్క ఆడపిల్ల కూడా లేదు. ఈ ముక్క వీడియోలో ఉన్నట్టు లేదు. అంతకుముందు 1925లో వియన్నా మనస్తత్వ వైద్యుడు ఫ్రాయిడ్ కూడా ఆడవాళ్ళకు న్యాయదృష్టి తక్కువని రాశాడు. మీ అత్తగారి సామెతకు వియన్నాలో కూడా చుట్టాలున్నారన్నమాట.

హార్వర్డ్‌లో కోల్‌బర్గ్‌తోనే కలిసి పనిచేసిన కెరోల్ గిలిగన్ అనే ఆమె 1982లో దీన్ని గట్టిగా ఎదిరించింది. కోల్‌బర్గ్ వాడిన కథ ఒకటి చెప్తాను. ఒకాయన భార్య చావుబతుకుల్లో ఉంది. మందు ఊళ్ళో ఒక్క షాపులోనే ఉంది. షాపువాడు తనకైన ఖర్చుకు పదింతలు అడుగుతున్నాడు. ఈయన ఎంత తిరిగినా సగమే పోగయింది. అప్పు పెట్టమంటే షాపువాడు ఒప్పుకోలేదు. మందు దొంగతనం చేయొచ్చా? పదకొండేళ్ళ అబ్బాయి ఒకడు తడుముకోకుండా చెప్పాడు: చేయొచ్చు, డబ్బుకంటే ప్రాణం ఎక్కువ కాబట్టి. లెక్క తెగ్గొట్టినట్టు చెప్పాడు. అదే వయసు అమ్మాయి నసిగింది. దొంగతనం చేయకూడదు, ఆమె చావకూడదు కూడా అంది. ఇంకెక్కడైనా అప్పు తెచ్చుకోవచ్చు, షాపాయనతో మళ్ళీ కూర్చుని మాట్లాడొచ్చు అంది. ఇతను జైలుకు పోయాక ఆమెకు మళ్ళీ జబ్బు తిరగబెడితే మందు తెచ్చేదెవరు అని ఎదురడిగింది. మెట్ల లెక్కలో అబ్బాయికే ఎక్కువ మార్కులు. గిలిగన్ అన్నదేమంటే, ఆ పిల్ల కింది మెట్టులో లేదు, అడుగుతున్న ప్రశ్నే వేరు. హక్కు ఎవరిది అని కాకుండా, ఆ తర్వాత ఈ మనుషులంతా ఏమవుతారు అని చూస్తోంది. మీరు "ఆ పిల్ల చదువు ఏంగాను" అని రాశారే, ఆ మాట ఈ కోవలోదే.

అంతమాత్రాన మీరే గెలిచారని ఆయన ముందు ఈ పేజీ పెట్టకండి. గిలిగన్ మాట కూడా లోకంలో పడ్డాక, ఆడవాళ్ళంతా ఇలాగే, మగవాళ్ళంతా అలాగే అన్నంత దూరం పోయింది. తర్వాత వచ్చినవాళ్ళు నిదానంగా లెక్కలు తీశారు. 1984లో లారెన్స్ వాకర్ అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని పోగేసి చూస్తే, చదువూ ఉద్యోగమూ సమానంగా ఉన్న చోట ఆడామగా తేడా దాదాపు కనపడలేదు. 1986లో స్టీఫెన్ థోమా ఇంకో రకం పరీక్ష ఫలితాలతో లెక్క తీస్తే, మనిషి జవాబు ఎలా ఉంటుందో చెప్పడానికి ఆడా మగా అన్నదానికన్నా ఎంత చదివారన్నది 250 రెట్లు ఎక్కువ పనికొచ్చింది. ఉన్న ఆ రవ్వంత తేడా కూడా ఆడవాళ్ళ వైపే మొగ్గింది.

2000లో సారా జాఫీ, జానెట్ హైడ్ వందకు పైగా పరిశోధనల్ని కలిపి చూశారు. ఆడవాళ్ళు ఎదుటిమనిషి బాగోగుల వైపు, మగవాళ్ళు న్యాయం, నియమం వైపు కాస్త మొగ్గడం నిజమే. ఆ కాస్త ఎంతంటే, దారినపోయే ఆడమనిషినీ మగమనిషినీ జతగా నిలబెడుతూ పోతే, నూటికి 58 జతల్లో ఆమె ఎక్కువ జాలి చూపిస్తుంది. మిగతా 42 జతల్లో ఆయనే చూపిస్తాడు. మీ మరిది చీటీ విషయంలో మీ ఇల్లు ఆ 42లో పడింది, చూసుకోండి.

తేడా కాస్త పెద్దగా కనపడిన చోటు ఒకటుంది. అది దాచిపెట్టి మీకు అనుకూలమైనవే రాస్తే బాగుండదు. నలుగురిని కాపాడటానికి ఒకరిని మన చేత్తో బలిపెట్టొచ్చా అనే రకం ప్రశ్నలు వేసిన 40 పరిశోధనల్ని 2015లో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిపి చూశారు. అందులో జవాబు చెప్పినవాళ్ళు ఆరువేల మందికి పైనే. తన చేత్తో ఇంకొకరికి కీడు చేయడం అనేసరికి వెనక్కి తగ్గడం ఆడవాళ్ళలో మగవాళ్ళకంటే స్పష్టంగా ఎక్కువ. అయితే ఏది చేస్తే ఎంతమంది బతుకుతారు, ఎంత నష్టం అని లెక్క వేసుకోవడంలో మాత్రం ఇద్దరికీ ఉన్న తేడా లేనట్టే. అంటే లెక్క ఇద్దరికీ వచ్చు. ఆ లెక్క ప్రకారం దెబ్బ వేయాల్సి వచ్చినప్పుడు ఆడవాళ్ళ చేయి ఎక్కువగా వెనకాడుతుంది. "జాలి తప్ప న్యాయం తెలీదు" అనడానికి ఈ పరిశోధన సాక్ష్యం చెప్పదు.

ఇవన్నీ ఎక్కువగా అమెరికా, యూరప్ మనుషుల సంగతులు కదా, మనకెందుకు అని మీ ఆయన అనొచ్చు. న్యాయమైన మాటే. మనకు దగ్గర్లో మైసూరులో జరిగింది ఒకటుంది. జోన్ మిల్లర్, డేవిడ్ బెర్సాఫ్ అనే ఇద్దరు 1992లో ప్రచురించారు. ప్రాణస్నేహితుడి పెళ్ళికి ఉంగరాలు తీసుకుపోతున్నాడు ఒకడు. డబ్బు పోయింది, రైలుకు టికెట్ లేదు. పక్కనున్నాయన కోటులో ఉన్న టికెట్ తీసుకుని రైలెక్కొచ్చా? ఇలాంటివి అమెరికాలో న్యూహేవెన్ వాళ్ళనూ మైసూరు వాళ్ళనూ అడిగారు. అమెరికావాళ్ళు దొంగతనం తప్పే అనే వైపు మొగ్గితే, మైసూరువాళ్ళు స్నేహితుడికి మాట తప్పకూడదనే వైపు చాలా ఎక్కువగా నిలబడ్డారు. ఆ మైసూరువాళ్ళలో మగవాళ్ళూ ఉన్నారమ్మా. వీడియోవాళ్ళ లెక్కన చూస్తే మన దక్షిణాది మగవాళ్ళు కూడా మూడో మెట్టు మీదే కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. "మనవాడేగా, పోనీలే" అన్నది ఏ మెట్టో మీ ఆయన్నే అడగండి. నవ్వుతూ అడగండి, దెప్పుతూ కాదు.

ఇక మీ అత్తగారి సంగతి. నెల్లూరు జిల్లాలో పుట్టి పెరిగినామె అయితే 1992 గుర్తుండాలి. కలిగిరి మండలం దూబగుంటలో రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, వాచకంలో తాగుబోతు మొగుడితో బతుకు చెడిన సీతమ్మ కథ చదివి, ఇది మన ఊరి కథే కదా అని లేచారు. సారా అంగడి మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరూరా ఆడవాళ్ళు సారా కుండలు పగలగొట్టారు, వేలంపాటలు జరగనివ్వలేదు. ప్రభుత్వం చెప్పిన లెక్క ఆదాయం లెక్క. వీళ్ళు చెప్పింది పొయ్యి మీద కుండ లెక్క. ఇక్కడిదాకా వింటే ఇదీ జాలి కథలాగే ఉంటుంది. కానీ వాళ్ళు అడిగింది దయ కాదు, నియమం. ఊళ్ళో సారా అమ్మకూడదు, ఎవరైనా సరే, సొంత మొగుడికైనా మినహాయింపు లేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. కోల్‌బర్గ్ బతికుంటే వీళ్ళను ఏ మెట్టు మీద నిలబెట్టేవాడో! పిల్లల ఆకలి చూసి మొదలైన కోపం చట్టం దాకా పోయింది. జాలి ఒకచోట, న్యాయం ఒకచోట విడివిడిగా కాపురం చేయవు.

సరే, ఇప్పుడు గుంట.

మీ ఇద్దరికీ అభిప్రాయం కుదరకపోవడానికి ఆడా మగా కంటే దగ్గరి కారణం ఒకటి మీ ఉత్తరంలోనే కనపడుతోంది. ఎవరు ఏది చూశారన్నది. ఆయన మేత పుస్తకం చూశారు. పుస్తకంలో పూటపూటకీ మేత వేసినట్టు రాసి ఉంది, చెక్ ట్రే (మేత తింటున్నాయో లేదో చూడటానికి గుంటలో దింపే పళ్ళెం) ఎత్తితే మేత మిగలడం లేదు, అయినా కౌంటు, అంటే కిలోకి తూగే రొయ్యల లెక్క, దిగడం లేదు. రోగమేమో అనుకుని మందులు, మినరల్స్ కూడా పోసి ఉంటారు. రాత్రిళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టి ఉండదు. మేత మీకు అప్పు మీద వస్తుంటే, రొయ్యలు పట్టే రోజు డీలరు ముందు నిలబడాల్సింది ఆయనే. పద్నాలుగు బస్తాలంటే 350 కిలోలు, ముప్పై వేల పైమాట. ఆ డబ్బుకంటే తప్పుడు రాతే ఆయన్ని ఎక్కువ మండించి ఉంటుంది. మేత పుస్తకం తప్పయితే గుంటలో ఏం జరుగుతోందో రైతుకు ఇంక దారే లేదు. మీరు ఇవేవీ చూడలేదు. మీరు చూసింది కాగితంలో చుట్టిన కమ్మలు. ఆ కమ్మలు ఆయన చేతిలో పెట్టి, ఖాళీ సంచుల లెక్క మీ చేత వేయించి ఉంటే, వాదన తిరగబడేదేమో. మరిది విషయంలో తిరగబడింది కదా. అక్కడ కళ్ళముందు ఉన్న మనిషి ఆయన తమ్ముడు, మీకు కనపడింది రెండు లక్షలు.

మీరు చెప్పింది తప్పా అని సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెప్తాను. కేసు వద్దన్నది తప్పు కాదు. జీతం లేకుండా పని చేయించుకుందాం అన్నది తప్పు, అదీ చిన్న తప్పు కాదు. అడ్వాన్సు కిందా నష్టం కిందా మనిషిని కూలి ఇవ్వకుండా కట్టిపడేయడాన్ని వెట్టిచాకిరీ అంటారు. 1976 చట్టం దాన్ని పూర్తిగా నిషేధించింది, అలాంటి అప్పులనే రద్దు చేసింది. మన జిల్లాలో అడ్వాన్సులిచ్చి యానాది కుటుంబాల్ని తెచ్చి పనుల్లో పెట్టుకోవడం, అధికారులు పోయి విడిపించడం మీరు పేపర్లో చదివే ఉంటారు. చట్టం మాట పక్కన పెట్టినా, జీతం లేని ఇంట్లో ఆ తొమ్మిదో తరగతి పిల్ల రేపట్నుంచి ఏం తింటుంది? బడి మానేసి ఏ కూలికి పోతుంది? మీరు ఏ చదువు చెడకూడదనుకున్నారో అదే చెడుతుంది. పైగా మళ్ళీ బస్తా అమ్ముకోవడం తప్ప అతనికి ఇంకో దారి మిగలదు. మనం జాలిపడ్డామన్న తృప్తి మనకు మిగులుతుంది, అంతే.

మీ ఆయన న్యాయంలో కూడా ఒక చిల్లు ఉంది. సగం రేటుకి మేత కొన్న పక్క గుంటాయన సంగతేంటి? కాపలా మనిషి దగ్గర కొత్త బస్తాలు సగం రేటుకి వస్తుంటే అవి ఎక్కడివో తెలియనంత అమాయకుడెవరూ గుంటలు వేయడు. దొంగసొత్తని తెలిసి కొనడమూ నేరమే. కానీ ఆయన మీద కంప్లైంట్ మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. రేపు నీళ్ళకీ కరెంటుకీ ఆయనతో పని పడుతుంది, ఎదురుపడితే టీ తాగాల్సిన మనిషి. నియమం అంటే అందరికీ ఒకటే నియమం అయ్యుండాలి కదా. మీ ఆయనకు ఈ మాట మీరు చెప్పండి. నిజంగా న్యాయం పట్టింపు ఉన్న మనిషైతే ఆలోచనలో పడతారు.

కంప్లైంట్ ఇచ్చే ముందు ఆయనకు తెలియాల్సింది ఇంకోటి ఉంది. పనిచేసే చోట యజమాని సొత్తు దొంగిలిస్తే భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. భయపెట్టడానికని స్టేషన్‌కి పోతే, ఆ తర్వాత వ్యవహారం మన చేతిలో ఉండదు. పద్నాలుగు బస్తాలకు అంత అవసరమా అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. నన్నడిగితే లేదు.

ఏం చేయమంటారు అంటే, ముందు ఆ కమ్మలు ఇంకా మీ దగ్గరే ఉంటే ఈ రోజే తిరిగిచ్చేయండి. అవి ఇంట్లో ఉన్నంతసేపు మీరిద్దరూ సరిగ్గా ఆలోచించలేరు. తర్వాత మీ ఆయన్ని వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్ళండి. ఎందుకమ్మావని అడగండి. తాగుడా, ఆసుపత్రా, ఇంకెవరికైనా అప్పా, పాత అడ్వాన్సుకి కోతపెట్టగా చేతికొచ్చేది చాలకా? కారణం ఏదైనా దొంగతనం దొంగతనమే, కానీ ఆ కారణాన్ని బట్టి చేయాల్సింది మారుతుంది. మీ ఆయన అక్కడ కూర్చుని వినాలి. అలాగే వెళ్ళే ముందు మేత పుస్తకమూ బిల్లులూ తెచ్చి మీ ముందు పెట్టమనండి, మీరు వాటి ముందు కూర్చోవాలి.

డబ్బు మొదట పక్క గుంటాయన దగ్గర అడగండి. సగం రేటుకి కొన్న సరుకు పూర్తి ఖరీదు ఆయన కడితే గొడవ చాలావరకు అక్కడే తీరుతుంది, కట్టకపోతే కంప్లైంట్‌లో ఆ పేరూ ఉంటుందని మీ ఆయన్నే చెప్పమనండి. కాపలా అతను అమ్ముకున్న డబ్బు సంగతి విడిగా కాగితం మీద రాసుకోండి. దాన్ని పాత అడ్వాన్సులో కలపొద్దు. నెల జీతం నెలనెలా చేతికివ్వండి. అందులోంచి ఇంత కడతానని అతనే ఒప్పుకుంటే తీసుకోండి, వేరే చోట పని దొరికితే పోవడానికి అడ్డం పడకండి.

ఉంచుకోవాలా, పంపాలా? మేత పుస్తకం రాసే పనిలో మాత్రం అతన్ని ఉంచకూడదు. ఈ విషయంలో నేను పూర్తిగా మీ ఆయన వైపు. పోయిన నమ్మకం కమ్మలతో తిరిగిరాదు. నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్ల దగ్గరో, గట్ల పనిలోనో పెట్టుకోగలిగితే మంచిది. మీ ఆయనకు మొహం చూడాలనిపించకపోతే, చేసిన పనికి రావాల్సిన జీతం పూర్తిగా ఇచ్చి, పిల్ల పరీక్షలు అయ్యేదాకా షెడ్డులో ఉండనిచ్చి పంపండి. ఇందులో జాలి ఎంత, న్యాయం ఎంత అని మీరిద్దరూ మళ్ళీ వాదులాడుకోనక్కర్లేదు.

మరిది దగ్గర కూడా ఇలాగే కాగితం తీసుకోమని చెప్పండి. ఇలాంటి బాకీ వసూలుకు కోర్టుకు వెళ్ళడానికి సాధారణంగా మూడేళ్ళే గడువు. ఇద్దరి దగ్గరా కాగితం తీసుకుంటేనే మీ ఆయన మాటకు ఊళ్ళో విలువ.

వచ్చే పంట నుంచి మేత గది తాళం ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర ఉంచండి. రోజూ సాయంత్రం ఖాళీ సంచులు లెక్కపెట్టి పుస్తకంలో వేయాలి. ఆ పుస్తకం మీరే పట్టుకోండి. వారానికి రెండుసార్లయినా గుంట మీదికి వెళ్ళండి. చెక్ ట్రే ఎత్తి మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా అని చూడటం పెద్ద విద్యేమీ కాదు, ఒక పూటలో వస్తుంది. ఆయన్నే నేర్పమనండి.